ముందు దిక్కు, తర్వాత వేగం

ఇంగ్లండు ఉత్తరాన కంబ్రియా కౌంటీలో మిల్‌బర్న్ అనే చిన్న ఊరుంది. మధ్యలో నలుచదరపు పచ్చిక, దాని చుట్టూ లోపలికి ముఖం, బయటికి వీపు పెట్టి కట్టిన రాతి ఇళ్లు. ఊరికి ఈశాన్యాన పెనైన్ కొండలు నిటారుగా లేస్తాయి. వాటిలో అన్నిటికంటే ఎత్తయిన క్రాస్ ఫెల్ 893 మీటర్లు. ఏప్రిల్‌లో ఒక పొద్దున ఫోన్ తెరిస్తే 'ఈశాన్య గాలి, గంటకు 18 మైళ్లు, గస్ట్ 30' అని కనిపించిందనుకోండి. పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న పెన్రిత్ పట్నానికీ ఇంచుమించు అవే అంకెలు ఉంటాయి. కానీ అలాంటి రోజున మిల్‌బర్న్‌లో కారు తలుపు కాస్త తీస్తే చాలు, గాలి చేతిలోంచి లాగేసుకుంటుంది. నాలుగైదు మైళ్లు లోయలోకి దిగితే బట్టలు ఆరేసుకోవడానికి చాలినంత గాలి కూడా ఉండదు.

ఈ గాలికి హెల్మ్ విండ్ అని పేరు. బ్రిటన్‌లో సొంత పేరున్న స్థానిక గాలి ఇదొక్కటే. శీతాకాలం చివర, వసంతంలో ఎక్కువగా వీస్తుంది. మిల్‌బర్న్‌తో పాటు కర్క్‌లండ్, మెల్మర్బీ, గాంబుల్స్‌బీ లాంటి కొండ పాదం ఊళ్లన్నిటికీ ఇది తెలుసు. రోజుల తరబడి ఆగకుండా వీస్తుంది. ఆ హోరు మైళ్ల దూరం వినిపిస్తుంది. కొండ శిఖరాల వెంబడి తెల్లటి మబ్బు కదలకుండా కూర్చుంటుంది. దాన్ని హెల్మ్ అంటారు. దానికి ఎదురుగా, లోయ మీద, కొండలకు సమాంతరంగా సన్నటి మబ్బు చార ఇంకొకటి నిలబడుతుంది. అది హెల్మ్ బార్. ఈ రెండిటి మధ్య ఉన్న ఊళ్లకే గాలి దెబ్బ. బార్ కిందికి వచ్చేసరికి గాలి చచ్చిపోతుంది, ఒక్కోసారి పడమటి నుంచి మెల్లగా ఎదురు వీస్తుంది కూడా.

గోర్డన్ మాన్లీ అనే వాతావరణ శాస్త్రవేత్త 1930ల చివర్లో పక్కనే ఉన్న 848 మీటర్ల గ్రేట్ డన్ ఫెల్ మీద ఒక చెక్క గుడిసెలో పరికరాలు పెట్టి ఈ గాలిని పట్టుబట్టి చదివాడు. ఆయన తేల్చింది ఇదీ. ఈశాన్య గాలి తూర్పు వైపు వాలు మీద తాపీగా పైకెక్కుతుంది. శిఖరానికి కొంచెం పైన వెచ్చటి గాలి పొర మూత వేసినట్టు ఉంటే, ఎక్కిన గాలికి ఇంకా పైకి పోయే దారి లేక, పడమటి వైపు నిటారు వాలు మీదికి ఒక్కసారిగా దిగుతుంది. ఆనకట్ట మీంచి దూకే నీటిని గుర్తు తెచ్చుకోండి. అంచు దాటగానే పల్చబడి వేగం పుంజుకుంటుంది, కింద కొంత దూరం పోయాక ఉబ్బెత్తుగా లేస్తుంది, ఆ ఉబ్బు అక్కడే నిలబడి ఉంటుంది. గాలీ అంతే. అది తిరిగి లేచిన చోట కట్టిన మబ్బే హెల్మ్ బార్.

ఈ అధ్యాయం మిల్‌బర్న్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మీరు ఉద్యోగం కోసమో, పిల్లల చదువు కోసమో, ఇంటి ధర అందుబాటులో ఉందనో ఇంగ్లండులో ఒక పల్లెకు చేరి ఉంటారు. మీ ఊరి వెనక క్రాస్ ఫెల్ ఉండకపోవచ్చు. కానీ ఒక గుట్టో, చర్చి పక్క చెట్ల తోపో, రెండు కొట్టాల మధ్య సందో, సముద్రమో తప్పక ఉంటుంది. వాటిలో ప్రతి ఒక్కటీ ఫోన్‌లోని అంకెను మీ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మార్చేస్తుంది. ఎంత మారుస్తుందో చెప్పే యాప్ లేదు. అది మీరు నేర్చుకోవలసిందే. నేర్చుకోవడం కష్టమూ కాదు.

ఆ అంకె దేని గురించి

బ్రిటన్ జాతీయ వాతావరణ సంస్థ పేరు మెట్ ఆఫీస్. 1854లో రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ ఆధ్వర్యంలో మొదలైంది, ఇప్పుడు ఎక్సెటర్ నుంచి పనిచేస్తోంది. దాని కంప్యూటర్ నమూనా బ్రిటన్ నేలను ఒకటిన్నర కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్క కడుతుంది. ప్రపంచంలో చాలా దేశాలకు ఇంత సన్నటి గళ్లు లేవు. అయినా ఒకటిన్నర కిలోమీటరంటే మీ ఊరు మొత్తం, చుట్టూ పొలాలు, పక్క గుట్ట, అన్నీ కలిపి ఒకే గడి. ఆ గడిలో గుట్ట మీద ఇల్లు, గుట్ట చాటున ఇల్లు రెండూ ఉంటాయి. ఇద్దరి ఫోన్‌లోనూ ఒకే అంకె.

అదీ గాక, సూచనలో చెప్పే గాలి నేల మీది గాలి కాదు. పది మీటర్ల ఎత్తున, చుట్టూ అడ్డం లేని బయలులో వీచే గాలి. పది మీటర్లంటే మూడంతస్తుల మేడ ఎత్తు. మీరు నిలబడేది పెరట్లో, కంచె పక్కన. అక్కడ గాలి ఆ అంకెలో సగమే ఉంటే సూచన తప్పినట్టు కాదు. పెరట్లో కొయ్య పాతి చిన్న గాలి మీటరు పెట్టుకున్న వాళ్లు 'మెట్ ఆఫీస్ ఎప్పుడూ ఎక్కువే చెబుతుంది' అనడం తరచూ వింటాం. వాళ్ల మీటరు చెప్పేది వాళ్ల కంచె వెనక గాలి గురించి. రెండూ నిజాలే, రెండూ వేరు వేరు చోట్ల నిజాలు.

గాలి వేగమని ఇచ్చే అంకె పది నిమిషాల సగటు. గస్ట్ అంటే ఆ సగటు మధ్యలో మూడు సెకన్ల పాటు వచ్చే విసురు. సముద్రం మీద విసురు సగటు కంటే మూడో వంతు మాత్రమే ఎక్కువ ఉంటుంది. నేల మీదికి వచ్చేసరికి చెట్లకూ కప్పులకూ తగిలి గాలి సుడులు తిరుగుతుంది. పొలాల మధ్య విసురు సగటుకు ఒకటిన్నర రెట్లు, ఇళ్ల మధ్య రెండు రెట్ల దాకా పోతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి కిందికీ పైకీ కలియబడుతుంది, పైన వేగంగా పోతున్న గాలి విసురుగా కిందికి దిగుతుంది. అందుకే నిర్మలమైన రోజున మధ్యాహ్నం రెండింటికి పెరట్లో నిలవనివ్వని గాలి, పొద్దు వాలాక తనంతట తనే తగ్గిపోతుంది. గాలి పనులు ఉంటే పొద్దున్నే ముగించుకోండి, లేదా సాయంత్రానికి ఆపండి. వాన జల్లు మబ్బులు ఉన్న రోజుకు ఈ లెక్క పనికిరాదు. నల్లటి మబ్బు మీదికి వస్తుండగానే దాని కింద నుంచి చల్లటి విసురు ముందుగా వచ్చి తగులుతుంది. సగటు 12 మైళ్లున్న రోజున కూడా అది 35 మైళ్లుండవచ్చు.

వస్తువులను పడగొట్టేది సగటు కాదు, గస్ట్. కాబట్టి నిచ్చెన ఎక్కాలా వద్దా, సైకిల్ మీద పోవాలా వద్దా అనే ప్రశ్నలకు గస్ట్ అంకెనే చూడండి. అది చదివేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. ఇంగ్లండు పెరళ్లలో కంచె పలక సాధారణంగా ఆరడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు. 20 మైళ్ల గాలి దానికి ఎదురుగా కొడితే సుమారు 16 కిలోల బరువుతో నెట్టినట్టు. 40 మైళ్లకు అది 65 కిలోలు, అంటే ఒక మనిషి మొత్తం బరువుతో ఆనుకున్నట్టు. 60 మైళ్లకు 150 కిలోలకు దగ్గర పడుతుంది. ఆ పలకను పట్టుకుని ఉన్నది రెండు కొయ్యలు, వాటి అడుగున రెండడుగుల లోతు సిమెంటు. 'నిన్న 40 తట్టుకుంది, ఇవాళ 50 కదా' అనిపిస్తుంది. కానీ ఆ పది మైళ్ల తేడాకు కంచె మీద భారం సగానికి పైగా పెరుగుతుంది.

తెలుగువాళ్లం ఇక్కడ ఒక పొరపాటుకు లోనవుతాం. 2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ తుపానును కళ్లారా చూసినవాళ్లకు 45 మైళ్ల గస్ట్ పెద్ద గాలిగా అనిపించదు. పైగా మనకు అలవాటైనది కిలోమీటర్ల లెక్క. 45 మైళ్లంటే 72 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ వాయుగుండాన్ని తుపాను అని పిలవడం మొదలుపెట్టేది 34 నాట్ల నుంచి, అంటే గంటకు 39 మైళ్ల నుంచి. అది తుపాను చుట్టూ నిలకడగా వీచే గాలి, గస్ట్ కాదు. ఇంగ్లండు పల్లెలో ప్రమాదం వేరే దారిన వస్తుంది. రోడ్డుకు ఇరువైపులా నూరేళ్లు దాటిన ఓక్, బీచ్ చెట్లు, వందల ఏళ్ల కింద పలక రాళ్లు పేర్చిన కప్పులు, పాతకాలపు పొగగొట్టాల కుండలు. వీటికి 50 మైళ్లు చాలు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే చెప్పాలి. 'ఇదేం గాలి' అని వాళ్లు అడవి దారిలో నడకకు బయల్దేరేది సరిగ్గా ఇలాంటి రోజునే.

దిక్కు

వేగం కంటే ముందు దిక్కు చూడమని ఈ అధ్యాయం పేరులోనే చెప్పాను. దిక్కు అంటే గాలి వచ్చే దిక్కు. నైరుతి రుతుపవనాలు నైరుతి నుంచి వచ్చినట్టే నైరుతి గాలి నైరుతి నుంచి వస్తుంది. ఇంతవరకు తికమక లేదు. తికమక పెట్టేది యాప్‌లోని బాణం. అక్షరాలు గాలి వచ్చే వైపు చెబుతాయి, బాణం మాత్రం చాలా యాప్‌లలో గాలి వెళ్లే వైపు చూపిస్తుంది. చర్చి గోపురం మీద ఉండే లోహపు కోడిపుంజు ఇంకో రకం. దాని ముక్కు గాలి వచ్చే వైపు తిరిగి ఉంటుంది. అంటే ఒకే గాలికి ఫోన్‌లో బాణం ఒక వైపు, కోడి ముక్కు దానికి ఎదురు వైపు. ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇక ఎప్పుడూ తప్పదు.

ఊళ్లో దిక్కులు పోల్చుకోవడానికి చర్చే మంచి ఆధారం. ఇంగ్లండు పాత చర్చిలు తూర్పు పడమరలుగా కట్టి ఉంటాయి. పూజాపీఠం తూర్పు కొసన, గోపురం ఉంటే ఎక్కువగా పడమటి కొసన. మబ్బు పట్టి సూర్యుడు కనిపించని రోజుల్లో, అవి ఇక్కడ బోలెడు, చర్చి ఆవరణలో నిలబడితే పడమర ఎటో తెలిసిపోతుంది. గోపురం మీది కోడి చెట్ల కొమ్మల కంటే పైన ఉంటుంది కాబట్టి అది చూపే దిక్కు నమ్మదగ్గది. మీ పెరట్లో గాలి ఇంటి మూల తిరిగి ఏ వైపు నుంచైనా రావచ్చు.

ఇంగ్లండులో ఎక్కువ రోజులు వీచేది నైరుతి గాలి. ఊరి బయట గుట్ట మీద ఒంటరిగా నిలిచిన హాథార్న్ చెట్టు కనిపిస్తే దగ్గరికి వెళ్లి చూడండి. నైరుతి వైపు కొమ్మలు పొట్టిగా, మొగ్గలు మాడి ఉంటాయి. ఈశాన్యం వైపు కొమ్మలు సాగి ఉంటాయి. చెట్టు మొత్తం ఆ వైపుకు దువ్వినట్టు కనిపిస్తుంది. చెట్టు వేళ్లు కూడా ఆ గాలికి అలవాటుపడే పెరిగాయి. కంచెలు, కప్పులు, కొట్టాల తలుపులు కట్టిన మనుషులు కూడా తరతరాలుగా ఆ గాలినే మనసులో పెట్టుకుని కట్టారు. అంటే ఊరు మొత్తం నైరుతికి సిద్ధపడి ఉంది.

2021 నవంబరు 26 రాత్రి వచ్చిన ఆర్వెన్ తుపాను ఉత్తరం, ఈశాన్యం నుంచి వీచింది. నార్తంబర్లండ్‌లోని బ్రిజిలీ వుడ్‌లో 98 మైళ్ల గస్ట్ నమోదైంది. అంతకు మించిన గాలులు బ్రిటన్‌లో లేకపోలేదు. కానీ ఈ గాలి అలవాటు లేని వైపు నుంచి వచ్చింది. నైరుతి గాలికి దశాబ్దాలుగా తట్టుకున్న చెట్లు లక్షల్లో కూలాయి. వాటి కింద కరెంటు తీగలు తెగాయి. పది లక్షలకు పైగా ఇళ్లు చీకట్లో పడ్డాయి. కొన్ని వేల ఇళ్లకు వారం దాటినా కరెంటు రాలేదు. ఫోన్‌లో ఈశాన్యం, తూర్పు, ఉత్తరం అని కనబడితే, పక్కనున్న అంకె చిన్నదైనా మరోసారి చూడమని నేనందుకే పట్టుబడుతున్నాను. నా లెక్కలో ఈశాన్యం నుంచి 45 మైళ్ల గస్ట్, నైరుతి నుంచి 55 మైళ్ల గస్ట్‌తో సమానం.

దిక్కుతో పాటు నెల కూడా చూడాలి. 1987 అక్టోబరు 15 అర్ధరాత్రి దాటాక దక్షిణ ఇంగ్లండును ఊపేసిన గాలికి సుమారు కోటీ యాభై లక్షల చెట్లు పడ్డాయి. కెంట్ కౌంటీలోని సెవెనోక్స్ పట్నంలో పేరుకు తగ్గట్టు నిలబెట్టుకున్న ఏడు ఓక్ చెట్లలో ఆరు ఆ రాత్రే పోయాయి. అప్పటికి చెట్లకు ఆకు రాలలేదు, వానలకు నేల నాని మెత్తబడి ఉంది. ఆకులతో నిండిన చెట్టు గాలికి తెరచాప పట్టినట్టే. జనవరిలో మోడుగా ఉన్న చెట్టు లెక్కచేయని గాలి జూన్‌లోనో అక్టోబరులోనో దాన్ని పడగొట్టగలదు.

ఇక పత్రికల శీర్షికల్లో వచ్చే అంకెల గురించి ఒక మాట. 2022 ఫిబ్రవరి 18న యూనిస్ తుపానులో 122 మైళ్ల గస్ట్ నమోదైంది, ఇంగ్లండులో అది రికార్డు. ఆ పరికరం ఉన్నది వైట్ దీవి పడమటి కొసన, నీడిల్స్ అనే చోట, మూడు వైపులా సముద్రమున్న కొండ అంచు మీద. ఆ అంకె చూసి తీరానికి దూరంగా లోపలున్న పల్లెవాళ్లు హడలిపోనక్కర్లేదు. మెట్ ఆఫీస్ సైటులో మీకు దగ్గరి కేంద్రాల్లో గత 24 గంటల్లో నిజంగా నమోదైన గాలి కనిపిస్తుంది. పోల్చుకోవలసింది దానితో.

ఊరంతా ఒకసారి తిరగండి

గాలి ఒక మోస్తరుగా వీస్తున్న రోజు చూసుకుని అరగంట ఊళ్లో నడవండి. ముఖానికి గాలి తగలడం ఎక్కడ ఆగింది, ఎక్కడ మళ్లీ మొదలైంది, అంతే చూడండి. హెడ్జ్ అని పిలిచే పొద కంచె చాటున, దాని ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి తగ్గి ఉంటుంది. రెండు మీటర్ల హెడ్జ్ అయితే ఇరవై మీటర్లు. గాలిలో సగం పొదలోంచి జారిపోతుంది, మిగతా సగం మెత్తబడుతుంది. ఇటుక గోడ అలా కాదు. గాలి దాని మీంచి ఎగిరి అవతల సుడి తిరిగి పడుతుంది. కుండీలు గోడ చాటున పెట్టినా దొర్లిపోవడానికి కారణం అదే. గాలి ఎక్కువున్న పెరట్లో గోడ లేపే ముందు హెడ్జ్ గురించి ఆలోచించమని నా సలహా. నాలుగేళ్లు ఓపిక పట్టాలి, కానీ తుపాను తర్వాత మళ్లీ కట్టే పని ఉండదు.

రెండు ఇళ్ల మధ్య సందు, కొట్టానికీ కొట్టానికీ మధ్య దారి, లోయ వెంబడి రోడ్డు, వీటిలో గాలి ఇరుకున పడి వేగం పెంచుకుంటుంది. కానీ ఆ సందు గాలి దిక్కుకు సూటిగా ఉన్న రోజున మాత్రమే. మిగతా రోజుల్లో అక్కడే అందరికంటే ప్రశాంతం. సముద్రపు ఒడ్డు పల్లెల్లో వేసవి మధ్యాహ్నాలు నేల వేడికి సముద్రపు గాలి లోపలికి లాగబడుతుంది, పొద్దున్న ఏ దిక్కున్నా మధ్యాహ్నానికి మారిపోతుంది. తూర్పు తీరంలో వసంతంలో అదే గాలి సీ ఫ్రెట్ అనే పొగమంచును కూడా వెంట తెస్తుంది. నార్తంబర్లండ్ ఒడ్డున మీ ఊరు చలికి వణుకుతుంటే పది మైళ్ల లోపల జనం ఎండలో కూర్చుని ఉంటారు.

ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే అది కూడా గాలి పాఠం చెబుతుంది. ఏదో ఒక దిక్కు గాలికి పొగ పైకి పోకుండా గదిలోకి తిరిగి వస్తుంది. పక్కనున్న ఎత్తయిన కప్పో, చెట్టో దాటిన గాలి పొగగొట్టం నోట్లోకి దిగడం వల్ల అలా అవుతుంది. ఏ దిక్కుకు అలా జరిగిందో రాసి పెట్టుకోండి, ఆ దిక్కు గాలి చెప్పిన రోజున పొయ్యి వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా కట్టెల పొయ్యి అసలు వాడకండి.

రాసుకోవడం

నేను కోరేది ఒక చిన్న నోటు పుస్తకం. రోజూ అక్కర్లేదు. సూచనలో గస్ట్ 25 మైళ్లు దాటిన రోజుల్లో మాత్రం ఒక వరుస రాయండి. ఫోన్ చెప్పిన దిక్కు, గస్ట్, గుమ్మం దగ్గర మీరు చూసింది. చూసింది రాయడానికి మీటరు అవసరం లేదు. నావికాధికారి ఫ్రాన్సిస్ బోఫోర్ట్ 1805లో ఓడల కోసం గాలిని అంచెలుగా విడగొట్టాడు. వంద ఏళ్ల తర్వాత జార్జ్ సింప్సన్, ఈయన మన భారత వాతావరణ శాఖలోనూ పనిచేశాడు, నేల మీద చూసే గుర్తులను వాటికి జతచేశాడు. 8 నుంచి 12 మైళ్లకు ఆకులు, పుల్లలు ఆగకుండా కదులుతాయి. 13 దాటితే దుమ్ము, కాగితాలు లేస్తాయి. 19 దాటితే చిన్న చెట్లు ఊగుతాయి. 25 దాటితే పెద్ద కొమ్మలు కదులుతాయి, తీగలు ఈల వేస్తాయి, గొడుగు పట్టుకోవడం కష్టం. 32కు పెద్ద చెట్లు మొత్తంగా ఊగుతాయి. 39కి పుల్లలు విరిగి పడతాయి, నడవడమే కష్టం. 47కు కప్పు పలకలు, పొగగొట్టం కుండలు ఎగరడం మొదలు. 55 దాటితే చెట్లు వేళ్లతో లేస్తాయి. ఇవన్నీ సగటు గాలి అంకెలు.

ఒక శీతాకాలం ఇలా రాస్తే పుస్తకంలోంచి మీ ఊరి లెక్క తేలుతుంది. 'పడమర అయితే ఫోన్‌లో ఉన్నదాంట్లో సగమే, ఆగ్నేయం అయితే మొత్తం వస్తుంది, ఉత్తరం అయితే చెప్పినదానికంటే ఎక్కువ' అని మీరే చెప్పగలుగుతారు. ఊళ్లో పాత రైతులకు ఈ లెక్క నోటికి వచ్చు. వాళ్లను అడగండి. ఇంగ్లండు పల్లెలో కొత్తవాళ్లు పలకరించడానికి వాతావరణాన్ని మించిన మాట లేదు, మీరు 'ఈ ఊళ్లో చెడ్డ గాలి ఏ వైపుది?' అని అడిగితే గేటు దగ్గర అరగంట నిలబెట్టి చెబుతారు.

ఇంకొక పాత సూత్రం జేబులో పెట్టుకోండి. డచ్ శాస్త్రవేత్త బాయిస్ బాలట్ 1857లో చెప్పింది. బయలులో గాలికి వీపు పెట్టి నిలబడితే, అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. ఇంగ్లండులో మామూలుగా అల్పపీడనాలు మీకు ఉత్తరంగా దాటిపోతాయి. అప్పుడు గాలి దక్షిణం నుంచి నైరుతికి, పడమరకు, వాయవ్యానికి గడియారం ముల్లు తిరిగే దారిలోనే మారుతుంది. గాలి అలా కాకుండా తూర్పు నుంచి ఈశాన్యానికి, ఉత్తరానికి వెనక్కి తిరుగుతుంటే అల్పపీడనం మీకు దక్షిణంగా పోతోందన్నమాట. మీ ఊరు అలవాటుపడని దిక్కు గాలి రాబోతోంది. ఫోన్ లేకపోయినా ఇది చెప్పగలరు.

గీత ముందే గీసుకోండి

నిచ్చెన గోడకు ఆనించాక 'ఒక్క ఐదు నిమిషాల పనే కదా' అని మనసు బేరం పెడుతుంది. ఆ బేరంలో మనిషి ఎప్పుడూ ఓడిపోతాడు. అందుకే నిర్ణయం గాలి లేని రోజున తీసుకోవాలి, కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాలి. నా కాగితంలో ఉన్నవి చెబుతాను, మీవి మీ ఊరిని బట్టి మార్చుకోండి. గస్ట్ 20 దాటితే నిచ్చెన ఎక్కను. 30 దాటితే పిల్లల్ని సైకిళ్ల మీద పొలాల మధ్య రోడ్డుకు పంపను, ఎందుకంటే హెడ్జ్ తెగిన ప్రతి గేటు దగ్గరా పక్క నుంచి విసురు వచ్చి తగులుతుంది. 40కి ముందురోజే ట్రాంపోలిన్ నేలకు కట్టేయాలి, చెత్త వీలీ బిన్‌లు గోడ చాటుకు చేర్చాలి. 45 దాటితే చెట్ల కింద నడక లేదు, కారు పార్కింగూ లేదు. 50 దాటితే పెనైన్ కొండల మీంచి పోయే ఏ66 లాంటి ఎత్తు రోడ్ల ప్రయాణం వాయిదా. స్టెయిన్‌మోర్ దగ్గర ఆ రోడ్డును గాలికి ఎత్తయిన వాహనాలకు మూసేయడం మామూలే. ఈశాన్యమైతే ఈ అంకెలన్నిటి నుంచీ పది తీసేస్తాను.

మెట్ ఆఫీస్ పసుపు, అంబర్, ఎరుపు హెచ్చరికలను చాలామంది గాలి వేగానికి కొలతలుగా చదువుతారు. అవి వేగానికి కొలతలు కావు. జరగబోయే నష్టం ఎంత, జరిగే అవకాశం ఎంత అనే రెండిటినీ కలిపి రంగు వేస్తారు. పసుపులో రెండు రకాలుంటాయి. నష్టం తక్కువే కానీ జరగడం ఖాయం అనేది ఒకటి, నష్టం చాలా ఎక్కువ కానీ జరిగే అవకాశం తక్కువ అనేది ఇంకొకటి. హెచ్చరిక తెరిస్తే లోపల చిన్న గడుల పట్టిక ఉంటుంది, టిక్కు ఏ గడిలో ఉందో చూస్తే ఏ రకం పసుపో తెలుస్తుంది. ఐదు రోజుల ముందు వచ్చే సూచనలో అంకెలు పట్టించుకోకండి, గాలి రోజు వస్తోందని మాత్రం తెలుసుకోండి. అల్పపీడనం దారి వంద మైళ్లు పక్కకు జరిగితే మీ దిక్కు, వేగం రెండూ తారుమారవుతాయి. రెండు రోజుల ముందు నుంచి దిక్కు నమ్మవచ్చు. ఏ గంటకు ఎంతో తెలుసుకోవాలంటే ఆ రోజు పొద్దున మళ్లీ చూడాలి.

తుపాను రాత్రికి కావలసినవి పొద్దు ఉండగానే చేసుకోండి. ఆర్వెన్ రాత్రి కరెంటుతో పాటు మొబైల్ టవర్లూ చాలాచోట్ల పోయాయి. ఇప్పుడు ఇంటి ల్యాండ్‌లైన్లు కూడా చాలావరకు ఇంటర్నెట్ రూటర్ మీదే నడుస్తున్నాయి, కరెంటు పోతే అవీ పలకవు. ఫోన్లు ముందే ఛార్జ్ చేయండి, బ్యాటరీ రేడియో ఒకటి కొనిపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు, ఐదేళ్ల లోపు పిల్లలు, కరెంటుతో నడిచే వైద్య పరికరాలు ఉంటే మీ ప్రాంత విద్యుత్ నెట్‌వర్క్ సంస్థ దగ్గర ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్‌లో ఈ వారమే పేరు రాయించండి, ఖర్చేమీ లేదు. కరెంటు పోయినప్పుడు చేయవలసిన నంబరు 105. ఎవరి దగ్గర కరెంటు కొంటున్నా అదే నంబరు, కాల్ ఉచితం.